నెలలు నిండని బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకోవడం ఎలా: ఒడిశా సరిహద్దు ఊళ్లవారికి

"రేపు డిశ్చార్జి" అని డాక్టరు గారు అనగానే ఇంట్లో హడావిడి మొదలవుతుంది. ఒకరు మంచి రోజు చూస్తారు, ఒకరు ఉయ్యాల దులుపుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బిడ్డను ఏ ఇంటికి తీసుకెళ్తున్నారు?

మిగతా చోట్ల ఇది పెద్ద ప్రశ్న కాదు. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మాత్రం చాలా పెద్ద ప్రశ్న. అత్తవారిల్లు ఒడిశాలో, కన్నవారిల్లు ఆంధ్రాలో ఉన్న ఆడపిల్లలు మనలో ఎంతోమంది. పాతపట్నం, పర్లాకిమిడి పక్కపక్క ఊళ్లే అయినా రాష్ట్రాలు వేరు, రికార్డులు వేరు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లిన పిల్ల నెలలు నిండకుండానే ప్రసవించింది అనుకోండి. శ్రీకాకుళంలోనో, విశాఖ కేజీహెచ్‌లోనో, ఇటువైపు బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలోనో బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బు చేసిన పసిబిడ్డల ప్రత్యేక వార్డులో, వారాలపాటు ఉంటుంది. తర్వాత పది రోజులు అమ్మమ్మ ఇంట్లో, ఆపైన నాయనమ్మ ఇంట్లో. అక్కడి ఆశా కార్యకర్త "పిల్లని అత్తారింటికి తీసుకెళ్లిపోయారు" అనుకుంటుంది. ఇక్కడి ఆశా దీదీ "ఇంకా పుట్టింట్లోనే ఉంది" అనుకుంటుంది. ఇద్దరి పుస్తకాల్లోనూ బిడ్డ పేరు ఉండదు. వార్డులో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. వెంటిలేటర్ మీద నుంచి బతికి బయటపడ్డ బిడ్డ, ఎవరి లెక్కలోనూ లేక, మూడో వారం చల్లబడిపోయి తిరిగి రావడం.

ముందు ఇల్లు తేల్చుకోండి

కనీసం బిడ్డ రెండున్నర కిలోలు వచ్చేదాకా ఒకే ఇంట్లో ఉంచండి. అది పుట్టిల్లా, అత్తిల్లా అన్నది మర్యాదల లెక్కన కాదు, బిడ్డ అవసరాన్ని బట్టి తేల్చుకోండి. ఎస్‌ఎన్‌సీయూ ఉన్న ఆసుపత్రికి ఏది దగ్గర? రాత్రి రెండు గంటలకు వానలో బండి వస్తుందా? కట్టెల పొయ్యి పొగ రాని గది ఉందా? తల్లి రోజంతా బిడ్డను గుండెకు కట్టుకుని కూర్చుంటే వండి పెట్టేవాళ్లు ఎవరు? ఈ నాలుగింటికీ సరిపోయే ఇల్లు ఏదైతే అదే. రెండో వైపు పెద్దలకు ఫోన్ చేసి, "డాక్టరు గారే చెప్పారు" అని ఆయన మీద పెట్టేయండి. ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఇల్లు తేలిన గంటలోనే ఆ ఊరి ఆశాకు కబురు పెట్టండి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వచ్చి చూడాలి, తూకం వేయాలి. ఎస్‌ఎన్‌సీయూ నుంచి వచ్చిన బిడ్డయితే ఇల్లు చేరినప్పటి నుంచే మొదలుపెట్టి మిగిలిన తేదీలన్నీ పూర్తి చేయాలి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు కూడా వస్తారు. "మా కోడలిది ఆంధ్రా కార్డు కదా" అని మొహమాటపడకండి. బిడ్డ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి ఆశా చూడాల్సిందే.

వార్డులో చివరి రెండు రోజులు

ఈ రెండు రోజులూ సామాన్లు సర్దుకునే రోజులు కావు, నేర్చుకునే రోజులు. పాలు పట్టడం, మందు వేయడం, గుడ్డ మార్చడం, జ్వరం చూడడం, కంగారూ పద్ధతిలో బిడ్డను గుండెకు కట్టుకోవడం అన్నీ సిస్టర్ పక్కన నిలబడి ఉండగా తల్లి తన చేత్తో చేయాలి. ఒక రాత్రంతా అలా గడిస్తే ఇంట్లో మొదటి రాత్రి సగం భయం పోతుంది. తల్లితో పాటు ఇంకొకరు కూడా, భర్త గాని, అత్తగారు గాని, నేర్చుకుని తీరాలి. తల్లి ఒక్కతే నేర్చుకుంటే ఆమెకు జ్వరం వచ్చిన రోజు బిడ్డకు దిక్కుండదు.

ఒడిశా ఆసుపత్రి అయితే సిస్టర్లు ఒడియాలో చెప్తారు. టెక్కలి నుంచో, పాలకొండ నుంచో వచ్చిన కోడలికి ఒడియా అర్థం కాదు. భర్త విని, బయటికొచ్చాక రెండు ముక్కల్లో చెప్తే అందులో సగం జారిపోతుంది. తల్లి ఎదురుగానే చెప్పించండి, ఒక్కో మాటా అప్పటికప్పుడే తెలుగులో చెప్పండి, చివర్లో ఆమె చేత తిరిగి చెప్పించండి. సిస్టర్ విసుక్కున్నా సరే, వదలకండి.

బిడ్డ ఊపిరి ఆగితే ఏం చేయాలో కూడా ఇక్కడే నేర్చుకోవాలి. బొమ్మ మీద చూపించమని అడగండి. ఇది రాసి చెప్తే వచ్చే పని కాదు.

కాగితాల విషయం త్వరగా చెప్తాను. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో అడగండి, రెండు రాష్ట్రాల డాక్టర్లూ చదవగలుగుతారు. ఫోన్‌లో ఫోటో తీసి మీ అన్నకో, మరిదికో కూడా పంపండి. పుట్టినప్పటి బరువు, ఎన్ని వారాలకు పుట్టింది, ఇవాళ్టి బరువు, ఏ టీకాలు వేశారు, కంటి పరీక్ష అయిందా, మళ్లీ ఎప్పుడు రావాలి, ఇవి అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. జనన ధ్రువపత్రం బిడ్డ పుట్టిన చోటే వస్తుంది, ఉండే ఊళ్లో కాదు. 21 రోజుల్లోపు నమోదు అయిందో లేదో ఆసుపత్రిలోనే కనుక్కోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేస్తే వైద్యం, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. ప్రైవేటు ఆసుపత్రి మాటయితే వేరు. ఆంధ్రాలో ఉచిత వైద్యానికి ఉన్న ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఆంధ్రా కుటుంబాలకే. ఒడిశా ఆరోగ్య కార్డు ఉన్నవాళ్లు, విశాఖలో ఫలానా ఆసుపత్రి ఆ కార్డు తీసుకుంటుందో లేదో అవసరం రాకముందే ఫోన్ చేసి తెలుసుకోండి.

మందుల దగ్గర ఒక్క జాగ్రత్త. నెలలు నిండని పిల్లలకు విటమిన్ డి చుక్కలు రాస్తారు, మామూలుగా రోజుకు 400 యూనిట్లు. కొన్ని వారాల తర్వాత ఐరన్ చుక్కలు కూడా. ఒక కంపెనీ సీసాలో ఒక మిల్లీలీటరులో ఉండే మందు ఇంకో కంపెనీ సీసాలో కొన్ని చుక్కల్లోనే ఉండొచ్చు. అందుకని "ఎన్ని చుక్కలు" అని కాక, "ఈ సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు" అని అడిగి సీసా మీదే మార్కరుతో తెలుగులో రాసిపెట్టుకోండి. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజితో కొలవండి. మీ ఊరి దుకాణంలో అదే కంపెనీది దొరక్కపోతే, వేరేది కొన్నాక మోతాదు మళ్లీ అడగాలి.

ప్రయాణం

బైకు మీద వద్దే వద్దు. కిక్కిరిసిన బస్సు కూడా వద్దు. 102 బండి ఇంటిదాకా ఉచితంగా దింపుతుంది, ముందు రోజే వార్డులో చెప్పి రాయించుకోండి. సరిహద్దు దాటించి దింపుతారో లేదో కూడా అప్పుడే అడగండి. దాటదంటే అవతల నుంచి ఇంటికి వేరే కారు సిద్ధంగా ఉండాలి. బిడ్డతో రోడ్డు మీద నిలబడే పరిస్థితి రాకూడదు.

బయలుదేరే ముందు పాలు పట్టండి. బిడ్డను తల్లి గుండెకు కట్టుకుని, పైన జాకెట్టు, దుప్పటి కప్పుకుని కూర్చోవాలి. ముక్కు, నోరు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. రాయగడ, కోరాపుట్ వైపు ఘాట్ రోడ్డయితే గంటకోసారి బండి ఆపి, గడ్డం గుండెకు ఆనుకుపోయిందేమో, పెదాల రంగు ఎలా ఉందో చూడండి. దారిలో గుళ్లూ చుట్టాల ఇళ్లూ వద్దు, నేరుగా ఇంటికే.

వెచ్చదనం

నెలలు నిండని బిడ్డకు ఒంట్లో కొవ్వు పెద్దగా ఉండదు. చల్లబడితే ఉన్న శక్తంతా వేడి పుట్టించడానికే పోతుంది, పాలు తాగే ఓపిక పోతుంది, తాగకపోతే ఇంకా చల్లబడుతుంది. దీనికి అన్నిటికన్నా మంచి మందు మనిషి గుండె. 1978లో కొలంబియాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన కంగారూ పద్ధతినే ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తోంది. రోజుకు 8 గంటలకు తగ్గకుండా, 24 గంటల్లో ఎంతసేపు వీలైతే అంతసేపు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

బిడ్డకు టోపీ, మేజోళ్లు, కింద గుడ్డ, అంతే. చొక్కా వద్దు. తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టండి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకి ఉంచండి. కాళ్లు కప్ప కాళ్లలా మడవాలి. మెత్తటి పాత చీరతోనో పంచెతోనో బిడ్డ చెవి కిందిదాకా వచ్చేలా చుట్టి ముడి వేయండి. పొట్ట మీద మాత్రం గట్టిగా బిగించవద్దు, బిడ్డ ఊపిరి తీసేది పొట్టతోనే. కూర్చున్న ప్రతిసారీ కనీసం గంట ఉండాలి. తల్లి స్నానానికి, భోజనానికి లేస్తే తండ్రి కట్టుకోవాలి. మగవాడు చొక్కా విప్పి బిడ్డను కట్టుకుంటే మొదట్లో ఇంట్లో నవ్వుతారు. రెండో రోజుకి తాతగారు కూడా "నాకివ్వండి" అంటారు.

వెచ్చగా ఉన్నాడో లేదో చూడడానికి చెయ్యి చాలు. పొట్ట, పాదం రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి పట్టిందన్నమాట, వెంటనే గుండెకు కట్టుకోండి. రెండూ చల్లగా ఉంటే కట్టుకునే ఆసుపత్రికి బయలుదేరండి. థర్మామీటరు చంకలో పెడితే 97.7 ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా, 99.5 లోపు ఉండాలి. వేడినీళ్ల సీసాలు, బొగ్గుల కుంపటి గదిలో వద్దు.

పాలు

తల్లిపాలు, డాక్టరు రాసిన చుక్కల మందులు తప్ప ఇంకేమీ వద్దు. తేనె, ఆముదం, గ్రైప్ వాటర్, ఆవుపాలు, వేసవి కదా అని మంచినీళ్లు, ఏవీ వద్దు. తల్లిపాలలో బలానికి పొడి కలపమని డాక్టరు గారు రాసి ఇస్తే అది మాత్రం చెప్పిన కొలతకే.

రెండు గంటలకోసారి, రాత్రి కూడా, అలారం పెట్టుకుని పట్టాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు "ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు" అంటారు. తొమ్మిది నెలలూ నిండి పుట్టిన బిడ్డ విషయంలో అది ముచ్చటే. నెలలు నిండని బిడ్డ ఏడవకపోతే ఆకలి లేదని కాదు, ఏడ్చే ఓపిక లేదని కూడా కావచ్చు. నిద్రపోతున్నాడు కదా అని నాలుగు గంటలు వదిలేస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. పాదం నిమిరి, గుడ్డ మార్చి, లేపి పట్టండి.

రొమ్ము పట్టలేని బిడ్డకు పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. సీసా, పీక వద్దు. వాడిన ప్రతిసారీ గిన్నెను సబ్బుతో కడిగి నీళ్లలో మరిగించండి. బిడ్డను సగం కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె మూతి పెదవి మూలన ఆనించి కొద్దికొద్దిగా వంచండి. మింగాక ఆగండి, మళ్లీ వంచండి. గొంతులో పోయకూడదు. పొలమారితే ఆపి, బిడ్డను కాస్త పక్కకు వంచి తేరుకోనివ్వండి. పిండిన పాలు బయట 4 గంటలకు మించి ఉంచవద్దు. రోజుకు ఆరుసార్లయినా గుడ్డ తడిపితే పాలు సరిపోతున్నట్టు. వారం వారం ఒకే తూకం యంత్రం మీద తూచాలి. రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంటే బాగున్నట్టు.

తల్లి కూడా తినాలి. బాలింత పత్యం పేరుతో కారప్పొడీ అన్నంతో సరిపెట్టి, నీళ్లు తాగనివ్వకుండా కడుపు మాడిస్తే పాలెక్కడి నుంచి వస్తాయి? పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప అన్నీ పెట్టండి. వారాల తరబడి అద్దాల అవతల నుంచి బిడ్డను చూస్తూ నిలబడ్డ తల్లి మనసు కూడా అలసిపోయి ఉంటుంది. రెండు వారాలు దాటినా ఊరికే ఏడుస్తున్నా, బిడ్డను ఎత్తుకోవాలనిపించడం లేదన్నా "బాలింత బెంగ" అని కొట్టేయకండి. డాక్టరుకు చూపించండి. 14416 టెలి మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఇంటి ఆచారాల దగ్గర

నాయనమ్మ పీట మీద కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్లు పోసి, ఆఖర్న సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో ఎంత ప్రేమతో చేసే పనో నాకు తెలుసు. కానీ ఈ బిడ్డకు ఇప్పుడది పనికిరాదు. రెండు కిలోల ఒళ్లు ఆ కాసేపట్లోనే చల్లబడిపోతుంది, వెంటిలేటర్ మీద ఉండొచ్చిన ఊపిరితిత్తులు ఆ పొగ తట్టుకోలేవు. రెండున్నర కిలోలు వచ్చేదాకా గోరువెచ్చని తడిగుడ్డతో తుడవడమే. పెద్దావిడకు ఇలా చెప్పి చూడండి: "అత్తయ్యా, రెండున్నర కిలోలు రానీయండి. మొదటి నీళ్లు మీ చేతులతోనే పోద్దురు గాని. అందాకా పగలు రెండు గంటలు మీరే గుండెకు కట్టుకోండి." పని తీసేసినట్టు కాక పని ఇచ్చినట్టు ఉంటుంది. ఆవిడే తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని, దగ్గుతో వచ్చిన చుట్టాలను వెనక్కి పంపిస్తుంది.

బొడ్డుకు పసుపు, నూనె, బూడిద వద్దు, పొడిగా వదిలేయండి. కంటికి కాటుక వద్దు. దిష్టిచుక్క పాదం మీద పెట్టుకోండి. చీర ఉయ్యాలలో పడుకోబెడితే వీపు వంగి, గడ్డం గుండెకు ఆనుకుని ఊపిరి అందదు. గట్టి పరుపు మీద, తలగడ లేకుండా వెల్లకిలా పడుకోబెట్టండి. రాయగడ, కోరాపుట్, గజపతి వైపు మలేరియా ఉంది కాబట్టి దోమతెర తప్పనిసరి, దోమల కాయిల్ మాత్రం వెలిగించవద్దు. బిడ్డను ఎవరు ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కున్నాకే. మీరు కూడా.

వెంటనే బయలుదేరాల్సిన గుర్తులు

ఇవి కాగితం మీద రాసి గోడకు అంటించండి:

- పాలు తాగడం మానేయడం, లేదా ముందుకన్నా బాగా తగ్గడం
- నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోవడం
- ఒళ్లు 99.5 లేదా అంతకు మించడం, 95.9 కన్నా తగ్గడం
- కదిపితే తప్ప కదలకపోవడం
- కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, కళ్లు తేలేయడం
- అరచేతులు, అరికాళ్లు పచ్చబడడం
- పెదాలు, నాలుక నీలంగా మారడం

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు ఫోన్‌లో టైమరు పెట్టి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిండు నిమిషం లెక్కపెట్టండి. 60 వస్తే మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి. నెలలు నిండని పిల్లలు మధ్యలో కొన్ని క్షణాలు ఊపిరి ఆపి మళ్లీ గబగబా తీస్తారు. ఆ విరామం 20 సెకన్లకు చేరినా, ఒంటి రంగు మారినా అరికాలు గట్టిగా తట్టండి, వీపు రుద్దండి. అప్పటికీ ఊపిరి అందుకోకపోతే వార్డులో నేర్చుకున్నట్టు నోటితో ఊపిరి ఇస్తూ 108కి ఫోన్ చేయించండి. ఊపిరి అందుకున్నా సరే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

సరిహద్దు ఊళ్లలో ఏ టవరు అందితే ఆ రాష్ట్రం 108 వాళ్లే ఎత్తవచ్చు. అందుకని ఈ మూడు ఒడియా మాటలు కూడా అదే కాగితం మీద రాయండి. "పిలా ఖీర ఖాఉని" అంటే బిడ్డ పాలు తాగడం లేదు. "నిశ్వాస నెబాకు కష్ట హెఉచి" అంటే ఊపిరి కష్టంగా ఉంది. "దేహ థండా హోఇ జాఇచి" అంటే ఒళ్లు చల్లబడిపోయింది. ఊరి పేరు, మండలం లేదా బ్లాకు పేరు, దగ్గర్లో ఉన్న బడో గుడో కూడా రాసి ఉంచితే కంగారులో తడబడరు.

ఆక్సిజన్‌తోనో, ముక్కు గొట్టంతోనో ఇంటికి వస్తే

ఆక్సిజన్ యంత్రం కరెంటు మీద నడుస్తుంది. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే కదా. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో గుర్తు తెచ్చుకోండి. నిండు సిలిండరు ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి, అది ఎన్ని గంటలు వస్తుందో ఇచ్చినవాళ్లనే అడిగి దాని మీదే రాయండి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక రాగానే, గాలి మొదలయ్యే దాకా ఆగకుండా, ఆసుపత్రి దగ్గరి చుట్టాల ఇంటికి మారిపోండి. ఆక్సిజన్ ఉన్న గదిలో దీపం, అగరుబత్తి, బీడీ, పొయ్యి ఏవీ ఉండకూడదు. దేవుడి దీపం కూడా పక్క గదిలోనే.

పాలు పోసే ముక్కు గొట్టం మీద సిస్టర్ పెట్టిన గుర్తు ముక్కు దగ్గరే ఉందో లేదో ప్రతిసారీ పాలు పట్టే ముందు చూడండి. జరిగి ఉంటే పాలు పట్టవద్దు, మీరే లోపలికి తోయవద్దు. అది ఊపిరి గొట్టంలోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది.

కంటి పరీక్ష, తేదీలు

మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది కంటి పరీక్షే. బిడ్డ చూస్తున్నట్టే ఉంటాడు, కళ్లు మెరుస్తూనే ఉంటాయి, లోపల రెటీనా మీద మాత్రం రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతుంటాయి. దీన్ని ఆర్‌ఓపీ అంటారు. బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. రెండు కిలోల లోపు పుట్టినా, 34 వారాల లోపు పుట్టినా, పుట్టిన నెలలోపే మొదటి పరీక్ష జరగాలి. మరీ చిన్న పిల్లలకు, అంటే 28 వారాల లోపు లేదా 1200 గ్రాముల లోపు పుట్టినవాళ్లకు, రెండు మూడు వారాలకే. ఒకసారి చూసి "మళ్లీ రండి" అంటే ఆ తేదీ దాటనివ్వకండి. ముదిరితే లేజరు రెండు మూడు రోజుల్లోనే చేయాలి, ఆలస్యమైతే చూపు పోతుంది, తిరిగి రాదు. మీ ఆసుపత్రిలో చూసేవాళ్లు లేకపోతే ఎక్కడికి వెళ్లాలో డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి భువనేశ్వర్‌లోనూ ఉంది, విశాఖలోనూ ఉంది. పంటకోతలున్నా, పెళ్లిళ్లున్నా ఆ ప్రయాణం ఆపకూడదు.

వినికిడి పరీక్ష మొదటి నెలలోనే చేయించండి. డిశ్చార్జి అయిన రెండు మూడు రోజుల్లో ఒకసారి, ఆ తర్వాత రెండున్నర కిలోలు వచ్చేదాకా వారానికోసారి బిడ్డను డాక్టరుకు చూపించాలి. బోర్లా పడడం, కూర్చోవడం లాంటివి ప్రసవం కావాల్సిన అసలు తేదీ నుంచి లెక్క వేయండి, పక్కింటి బిడ్డతో పోల్చి దిగులుపడకండి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క. 6, 10, 14 వారాలకు, బిడ్డ ఎంత చిన్నగా ఉన్నా, ఆ సమయానికే వేయించాలి. ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలో వేస్తారు, కార్డు మాత్రం వెంట ఉండాలి.